సామాన్యుల జాలస్థలములు – వాని ఆశ్రయచరిత్ర

1. విషయనిర్దేశము

తెలుగుదేశమున లభించిన దానశాసనములను చదువువారికి ‘ఆచంద్రార్కము’ అను మాట మిక్కిలి పరిచితము. దాత భూమినో, అఖండదీపమునో ఇచ్చి, ఆ ధర్మము సూర్యచంద్రులున్నంతకాలము చెల్లవలెనని వ్రాయించును. అయితే ఆ కోరికతోనే అతడు ఊరకుండడు. ధర్మమును నడపవలసినవారెవరో, దానికి వలయు ఆదాయము ఏ పొలమునుండి రావలెనో, దానిని చెఱచినవానికి ఎట్టి దోషము కలుగునో కూడ పెక్కు శాసనములలో చెప్పబడియుండును. ఏ వస్తువైనను నిలువవలెనన్నచో దానికి కర్తయు, వ్యయమార్గమును ముందుగనే నిర్ణయింపబడవలెనని ఆ కాలపువారు బాగుగ నెఱిగియుండిరి.

ఈ కాలమున జనులు కూడి మాటలాడుకొనుటకును, తాము సేకరించినదానిని నలుగురియెదుట పెట్టుటకును, ఒకరి వ్రాతను మఱియొకరు దిద్దుటకును వెబ్‌సైటు ముఖ్యసాధనమైనది. ఇట్టి సమూహస్థలము చూచుటకు ఒక పుటవలెనే కనబడినను, దాని వెనుక జరుగు పనులు పెక్కులు. రేయింబవళ్ళు నడచు కంప్యూటరొకటి ఎచ్చటనో ఉండవలెను. స్థలమునకొక పేరుండి, ఆ పేరునకు ఏటేట రుసుము చెల్లింపబడుచుండవలెను. వ్రాతలను స్వీకరించి చూపు సాఫ్ట్‌వేరును, వానిని దాచు సమాచారకోశమును ఉండవలెను. లోపములు బయటపడినప్పుడెల్ల ఆ సాఫ్ట్‌వేరును క్రొత్తదానితో మార్చుచుండవలెను. దొంగప్రకటనలను వెళ్ళగొట్టవలెను, అన్నిటికిని ప్రతులు తీసి వేఱొకచోట భద్రపఱుపవలెను. ఈ పనులు చేతనైనవారు కొందఱే. చేతగాని అసంఖ్యాకులకు వీనిని మఱియెవరో చేసిపెట్టవలసియున్నది.

ఆ చేసిపెట్టువారెవరు? వారెందులకు చేయుదురు? వారు మానుకొన్ననాడు సమూహముగతి యేమి? గత 50 సంవత్సరములలో ఈ ప్రశ్నలకు లభించిన సమాధానములను కాలక్రమమున పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. యంత్రరచనాశాస్త్రము ఇందలి ప్రధానవిషయము కాదు. ఆశ్రయమిచ్చినవానికిని ఆశ్రయము పొందినవానికిని గల సంబంధమే ఇందు విచారింపబడుచున్నది.

ఈ విచారమునకు నన్ను పురికొల్పినది ఒక స్వానుభవము. కొన్నేండ్ల క్రిందట మా విభాగమునందలి పరిశోధకవిద్యార్థులు తమతమ ఊళ్ళలో కుమ్మరి, సాలె, వడ్రంగి మున్నగు వృత్తులవారు వాడు మాటలను సేకరించి, ఉచితముగ చోటిచ్చు ఒక సంస్థకడ వెబ్‌సైటు నెలకొల్పిరి. అది అందఱును వ్రాయదగినది. చదివినవారు తమ ప్రాంతపు మాటలను చేర్చిరి. ఒక మాటకు అర్థమెట్లుండవలెనో వాదించుకొనిరి. తరువాత ఆ సంస్థ తన సేవను నిలిపివేసినది. హెచ్చరిక రాకపోలేదు. అది స్థలమును మొదట తెఱచిన విద్యార్థి పేరిటికి వెళ్ళినది. అతడు చదువు ముగించుకొని వెళ్ళిపోయి, ఆ చిరునామాను చూచుట మానివేసియుండెను. సంగతి మాకు తెలియునప్పటికి స్థలము లేదు. విద్యార్థుల నోటుపుస్తకములలో నున్న మాటలు మిగిలినవి. పరులు వచ్చి చేర్చినవియు, వారి వాదములును పోయినవి.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు 1962 లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము నేటికిని గ్రంథాలయములలో లభించుచున్నది. మా సంకలనము దానికంటె అర్ధశతాబ్దము చిన్నది. అయినను అదే ముందు గతించినది. ఇది ఏల జరిగినదో తెలిసికొనవలెనన్నచో కొంత వెనుకకు పోవలసియున్నది.

2. యంత్రముప్రక్కన మనుష్యుడు

సామాన్యులకొఱకు ఏర్పడిన మొదటి కంప్యూటరు సమూహస్థలములలో అమెరికాదేశమునందలి బర్కిలీ నగరపు ‘కమ్యూనిటీ మెమరీ’ గణనీయమైనది. 1973 ఆగస్టులో లీ ఫెల్సెన్‌స్టైన్, ఎఫ్రెమ్ లిప్కిన్, మార్క్ ష్పకోవ్‌స్కీ మున్నగువారు లియోపోల్డ్స్ అను గ్రామఫోను రికార్డుల అంగడిలో ఒక టెలిటైపు యంత్రమునుంచిరి. అది టెలిఫోను తీగద్వారా శాన్ ఫ్రాన్సిస్కోలోని పెద్ద కంప్యూటరుతో కలుపబడినది. దాని చప్పుడు అంగడివారికి బాధ కలిగింపకుండుటకై ఒక పెట్టెలో నమర్చబడినది. దారిన పోవు ఎవరైనను లోనికి వచ్చి, తన ప్రకటనను చేర్చవచ్చును. ఇతరుల ప్రకటనలను వెదకవచ్చును. వాద్యగాండ్రు తోడివారిని వెదకుకొనిరి. కారులో చోటు కావలసినవారు చోటడిగిరి.

ఇందు గమనింపదగినదొకటి కలదు. ఆ యంత్రముప్రక్కన ఒక సహాయకుడుండెడివాడు. క్రొత్తవారికి మీటలనెట్లు నొక్కవలెనో అతడు చూపెడివాడు. కంప్యూటరు తెలియనివానికి కంప్యూటరుపై చోటిచ్చుటలో అచ్చట అవలంబింపబడిన ప్రథమోపాయము ఇదియే: మనుష్యునకు మనుష్యుడు తోడుండుట. ఈ ప్రయోగపు తొలిదశ 1975 జనవరిలో ముగిసినది. 1980వ దశకమున దానిని పునరుద్ధరించినప్పుడు యంత్రములకు నాణెములు వేయు ఏర్పాటు చేసిరి. చదువుటకు వెలలేదు; వ్రాయుటకు 25 సెంట్లు. వ్యయమును భరించుట ఎట్లను చింత ఆనాటికే పుట్టినదనుటకు ఇది నిదర్శనము.

1978 ఫిబ్రవరి 16 వ తేదీన షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ సూయెస్ అనువారు సొంత ఇంటి కంప్యూటరును టెలిఫోనుతో కలిపి ప్రకటనల పలకవంటి ఏర్పాటొకటి ప్రారంభించిరి. ఒక్కటే తీగ యగుటచే ఒకరి తరువాత ఒకరు మాత్రమే ప్రవేశింపగలిగిరి. దీనిననుసరించి వెలసిన పలకలు పెక్కులు. ప్రతిపలకకును ఒక నిర్వాహకుడు. అతని యింటనే యంత్రము. కరెంటు ఖర్చును, టెలిఫోను ఖర్చును అతనివే. ఇచ్చట ఆశ్రయదాత పేరు, ఊరు అందఱకు తెలియును. అతడు విసిగినచో పలక మూతపడును. అయినను అతనిని అడుగుటకు, బతిమాలుటకు వీలుండెను.

మూడవ మార్గము సంస్థలది. ఓహాయో రాష్ట్రపు కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయమున టామ్ గ్రండ్నర్ 1984 లో వైద్యవిషయములలో ప్రజల ప్రశ్నలకు వైద్యులు సమాధానమిచ్చు ఏర్పాటొకటి చేసెను. అది పెరిగి 1986 లో ‘క్లీవ్‌లాండ్ ఫ్రీనెట్’ అయినది. ఊరియందలి ఎవరైనను పైకము చెల్లింపక అందు చేరవచ్చును. దానిని ఒక కృత్రిమనగరముగ రచించిరి: అంచెకార్యాలయము, పాఠశాల, న్యాయస్థానము మున్నగు భవనములపేర్లతో విభాగములుండెడివి. క్రొత్తవానికి కంప్యూటరు పరిభాష తెలియకున్నను ఊరు తెలియును గదా! పరిచితమైన ఊరిరూపమున అపరిచితమైన యంత్రమును చూపుట అందలి యుక్తి. ఈ నగరము 1999 లో మూతపడినది. 2000 సంవత్సరపు తేదీలకు దాని సాఫ్ట్‌వేరు సిద్ధముగ లేకపోవుట అందులకు చెప్పబడిన కారణము.

3. ఇండ్ల స్థలముల పంపిణీ

జెనీవా సమీపమునందలి సెర్న్ పరిశోధనసంస్థలో టిమ్ బర్నర్స్‌లీ రూపొందించిన వరల్డ్ వైడ్ వెబ్‌ను 1993 ఏప్రిల్ 30 వ తేదీన ఆ సంస్థ సర్వజనస్వామ్యముగ ప్రకటించినది. దీనితో ఎవరైనను పుటలు వ్రాయవచ్చుననుట సిద్ధాంతమైనది. ఆచరణమున సర్వరు కలవాడే పుటలను నిలుపగలిగెను.

ఈ కొఱతను తీర్చినవారిలో ప్రసిద్ధులు డేవిడ్ బోనెట్, జాన్ రెజ్నర్ అనువారు. వీరు 1994 లో ‘బెవర్లీ హిల్స్ ఇంటర్‌నెట్’ పేర స్థాపించిన సంస్థయే తరువాత జియోసిటీస్ అయినది. క్లీవ్‌లాండ్ నగరమున కనబడిన ఊరిభావన ఇచ్చట ఇంకను విస్తరించినది. స్థలమంతయు పేటలుగ విభజింపబడినది. సినిమాలకు ‘హాలీవుడ్’, కంప్యూటర్లకు ‘సిలికాన్ వ్యాలీ’, విద్యాతత్త్వవిషయములకు ‘ఏథెన్స్’. చేరదలచినవాడు తన అభిరుచికి తగిన పేటను ఎంచుకొని, ఖాళీగ నున్న ఇంటినెంబరు నొకదానిని తీసికొనును. ఆ పేటపేరును, ఇంటినెంబరును అతని చిరునామాలో భాగములు. పేటలలో స్వచ్ఛందముగ పనిచేయు పెద్దలుండి క్రొత్తవారికి పుటలు వ్రాయుట నేర్పెడివారు. బర్కిలీ అంగడిలోని సహాయకుడు ఇచ్చట ఇరుగుపొరుగువాడై మరల కనబడుచున్నాడు.

ఇండ్లస్థలములు ఉచితములు; వ్యయము ప్రకటనలవలన రావలెను. 1999 జనవరిలో యాహూ సంస్థ సుమారు 350 కోట్ల డాలర్ల విలువగల తన వాటాల నిచ్చి జియోసిటీస్‌ను కొనుటకు ఒడంబడినది. ఆ వేసవిలోనే క్రొత్త నిబంధనలు వెలువడినవి. నివాసులు వ్రాసినదానిపై సంస్థకు విశేషాధికారములు సంక్రమించునట్లు అందలి వాక్యములుండెను. నివాసులు తీవ్రముగ నిరసించిరి. సంస్థ ఆ నిబంధనలను సవరించినది. స్థలము తనదేయని అంతవఱకు తలచినవాడు, తాను కౌలుదారుడనని మొదటిసారి గ్రహించిన ఘట్టమిది. తరువాత పేటలచిరునామాలకు బదులు సభ్యుని పేరుతో కూడిన చిరునామాలు వచ్చినవి. పేటపద్ధతి పోయినతోడనే పొరుగు అను భావమును సన్నగిల్లినది.

4. సమూహమునందలి కరణము

ఇదే కాలమున వేఱొక మార్గము బలపడినది. సాఫ్ట్‌వేరును ఉచితముగ తీసికొని, అద్దెసర్వరుపై సొంతముగ నెలకొల్పుకొనుట దీని స్వరూపము. చర్చాస్థలములకై జేమ్స్ అట్కిన్సన్ 2000 లో ప్రారంభించిన పిహెచ్‌పిబిబి యిట్టిది. మిషెల్ వాల్‌డ్రిగీ రచించిన బి2 అను సాఫ్ట్‌వేరునుండి చీల్చి మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారు 2003 మే 27 వ తేదీన వెలువరించిన వర్డ్‌ప్రెస్ మఱియొకటి. ఇవి స్వేచ్ఛాలైసెన్సుతో లభించినవి. ఎవరైనను తీసికొని, మార్చి, పంచవచ్చును.

వర్డ్‌ప్రెస్ అయిదు నిమిషములలో నెలకొల్పదగినదని ప్రసిద్ధి. ఎఱిగినవానికి ఆ మాట సత్యమే. ఎఱుగనివాడు సమాచారకోశమును సృష్టించుట, దాని పేరును సంకేతపదమును అమరికల ఫైలులో వ్రాయుట, ఫైళ్ళను సర్వరునకు చేర్చుట అను మూడుమెట్లలో మొదటిదానికడనే ఆగిపోవును. అద్దెసర్వరులవారు బొత్తాము నొక్కినంతమాత్రమున ఈ పనులను జరిపించు సాధనములను క్రమముగ సమకూర్చిరి. నెలకొల్పుట సులభమైనది, నడపుట సులభము కాలేదు. లోపములను సవరింపని సాఫ్ట్‌వేరు కొంతకాలమునకు దొంగలపాలగును. ఇల్లు కట్టుట ఒకనాటి పని; చూరు నేయుట ఏటేటి పని.

కావున ప్రతిసమూహమునను ఒకడు ఈ భారమును తలకెత్తుకొనవలసివచ్చెను. పూర్వము మన గ్రామములలో లెక్కలన్నియు కరణముచేతిలో నుండెడివి. ఏ పొలము ఎవరిదో చెప్పవలసినప్పుడు ఊరంతయు ఆయన యింటికి పోయెడిది. సమూహస్థలమునందలి ఈ సాంకేతికనిర్వాహకుడును అట్టివాడే. సంకేతపదములు అతనికడ, పేరుయొక్క రుసుము అతని పద్దున, ప్రతులు అతని కంప్యూటరులో. అతడు ఉత్తముడైనంతకాలము సమూహము సుఖముగ నుండును. అయితే అతనికి ఉద్యోగము మాఱవచ్చును, అస్వస్థత కలుగవచ్చును, సభ్యులతో వైరము పుట్టవచ్చును. మా వృత్తిపదముల స్థలమునకు కలిగిన ఆపదకును మూలమిట్టిదే. సేవను నిలిపినది పరసంస్థ. కాని తాళపుచెవిని ఒక్కనిచేతనుంచి, రెండవది చేయింపకుండినది మేము.

ఈ భారమును తప్పింపగోరి పుట్టినవే సిద్ధాశ్రయములు. అదే వర్డ్‌ప్రెస్‌ను సంస్థయే నడపి, పేరు నమోదు చేసికొన్నవానికి వెంటనే చోటిచ్చు వర్డ్‌ప్రెస్.కామ్ 2005 లో ఆరంభమైనది. ఇందొక విశేషము గలదు. ఆశ్రయమునందు నడచు సాఫ్ట్‌వేరును, సొంతముగ నెలకొల్పుకొను సాఫ్ట్‌వేరును మూలమున నొకటియే యగుటచే, ఇచ్చటివాడు తన వ్రాతలను ఫైలుగ దించుకొని అచ్చటికి పోగలడు. జియోసిటీస్ నివాసికి లేని ఈ సౌకర్యము కౌలుదారునకు గొప్పబలము.

దీనికి భిన్నమైనది నింగ్ సంస్థ కథ. మార్క్ ఆండ్రీసెన్, జీనా బియాంకీనీ అనువారు 2005 లో ప్రారంభించిన యీ సంస్థ ఎవరికైనను సొంత సమూహస్థలమును ఉచితముగ నిర్మించి యిచ్చెడిది. ఉపాధ్యాయులు, రోగుల బంధువులు, సంగీతాభిమానులు ఇట్లు పలువిధములవారు అందు చేరిరి. 2010 ఏప్రిల్‌లో సంస్థ తన ఉద్యోగులలో సుమారు నూటికి 40 మందిని తొలగించి, ఉచితస్థలములను నిలిపివేయుదునని ప్రకటించినది. సమూహములు పైకము చెల్లింపవలెను, లేదా వేఱుచోటికి పోవలెను. సంస్థకు వ్యయమున్నమాట నిజమే. ఉచితమని చేరినవారికి ఆ వ్యయము ఎవరు భరించుచున్నారో తెలియకపోవుటయు అంతే నిజము.

5. వికీపద్ధతియు, దాని మర్మమును

వార్డ్ కనింగ్‌హామ్ 1995 మార్చి 25 వ తేదీన నెలకొల్పిన వికీవికీవెబ్ ఈ చరిత్రలో నూతనాధ్యాయము. హోనొలులు విమానాశ్రయమునందలి బస్సునకు గల ‘వికీ వికీ’ అను పేరు దీనికి మూలము. హవాయి భాషలో ఆ మాటకు శీఘ్రమని యర్థము. పుటను చదువువాడే దానిని దిద్దవచ్చుననుట ఇందలి నూతనత్వము. 2001 జనవరి 15 వ తేదీన ఆరంభమైన వికీపీడియా ఈ పద్ధతిని లోకవ్యాప్తము చేసినది. దాని కొఱకై మాగ్నస్ మాన్స్‌కె రచించిన సాఫ్ట్‌వేరు 2002 జనవరిలో వాడుకలోనికి రాగా, లీ డేనియల్ క్రాకర్ దానిని తిరుగవ్రాసెను. అదియే తరువాత మీడియావికీ యని పేరొందినది.

మీడియావికీలో ప్రతిపుటకును ‘చరిత్ర’ యను భాగముండును. ఎవరు, ఎప్పుడు, ఏ మాటను మార్చిరో అందు నిలిచియుండును. తాళపత్రప్రతులను సరిపోల్చి పాఠాంతరములను నిర్ణయించు మావంటివారికి ఇది యెంత విలువైనదో వేఱుగ చెప్పనక్కఱలేదు. లేఖకుడు చేసిన మార్పునకు తేదీయు, పేరును దొరకుట మా శాస్త్రమునకు కలలోని మాట.

2004 లో జిమ్మీ వేల్స్, ఆంజెలా బీస్లీ అనువారు మీడియావికీపై నడచు ఒక ఆశ్రయమును స్థాపించిరి. అది మొదట వికీసిటీస్, 2006 నుండి వికియా, తరువాత ఫాండమ్ అని వ్యవహరింపబడినది. అందలి వికీలలో ఒకదాని కథ ఇచ్చట ప్రత్యేకముగ చెప్పదగినది. వార్‌క్రాఫ్ట్ అను కంప్యూటరు ఆటనుగూర్చిన వావ్‌వికీ 2007 లో ఈ ఆశ్రయమున చేరినది. 2010 లో సంస్థ పుటల ఆకృతిని మార్చగా, వ్రాయువారు సమ్మతింపక, వ్రాతలనన్నిటిని ప్రతితీసికొని వేఱొక సంస్థకడ వావ్‌పీడియా యను పేర స్థిరపడిరి. లైసెన్సు ఆ స్వేచ్ఛనిచ్చుచున్నది. 2018 లో ఆ రెండవ ఆశ్రయమును ఫాండమ్ సంస్థయే కొనివేసినది. విడిచివచ్చిన యజమానియే క్రొత్త యింటికిని యజమానియయ్యెను. 2023 లో వారు మరల లేచిపోయి, వార్‌క్రాఫ్ట్ వికీ యను పేర మూడవచోట చేరిరి.

ఇందు రెండంశములు స్పష్టపడుచున్నవి. పుటలు స్వేచ్ఛాలైసెన్సుతో నుండుటచే వలస సాధ్యమైనది. పదమూడేండ్ల వ్యవధిలో ఆ సమూహము రెండుమార్లు కదలియు ఒక్క వాక్యమును పోగొట్టుకొనవలసిన పని లేకపోయినది. రెండవది: వ్రాతలు వెంటవచ్చినను చిరునామా వెంటరాదు. పాతప్రతి పాతచోటనే యుండును. వెదకువారు చాలకాలము అచ్చటికే పోవుచుందురు.

6. తెలుగువారి అనుభవము

తెలుగువారికి ఈ చరిత్రలో ఒక అదనపు చిక్కుండెను. అది లిపి. యూనికోడ్ ప్రమాణమున 1991 నాటికే తెలుగునకు స్థానము లభించినను, సామాన్యుల కంప్యూటర్లలో అది అక్కఱకు వచ్చుటకు పెక్కేండ్లు పట్టినది. అంతవఱకు పత్రికలు తమతమ ఫాంటులను వాడినవి. ఒకదాని ఫాంటుతో మఱియొకదానిని చదువుట సాధ్యము కాదు. విదేశములందలి తెలుగువారు రోమను అక్షరములతో, ఆర్‌టిఎస్ అను పద్ధతిని అనుసరించి, తెలుగును వ్రాసికొనిరి. సాంకేతికజ్ఞానము లేనివాడన్నమాటకు తెలుగున అర్థము విస్తృతము. ఆంగ్లమున వ్రాయువానికి సర్వరు తెలియకున్న చాలును. తెలుగువానికి సర్వరేకాదు, తన అక్షరమును యంత్రమునకెట్లు అందింపవలెనో కూడ తెలియకుండెను.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. దానిని నడపు యంత్రములును, వానిపోషణమును వికీమీడియా ఫౌండేషను అను లాభాపేక్షలేని సంస్థవి. తెలుగున వ్రాయువానికి సర్వరుచింత అక్కఱలేదు. మీడియావికీలో కనబడు బొత్తాములపేర్లు, సూచనలు, హెచ్చరికలు స్వచ్ఛందసేవకులచే తెలిగింపబడినవి. ఆంగ్లము రానివాడును, సర్వరు తెలియనివాడును పుటను దిద్దగలుగుట ఈ రెండు ఏర్పాటుల ఫలము. అంతేకాక, వికీపీడియా పాఠమంతయు నియతకాలమున ఫైళ్ళరూపమున బహిరంగముగ నుంచబడుచున్నది. కోరినవారెవరైనను సంపూర్ణప్రతిని దించుకొనవచ్చును. విరాళములమీద నడచు సంస్థకును ఆపద రావచ్చును. అయినను దానితో గ్రంథము పోదు.

యాహూ గ్రూపులయందు తెలుగువారు జరిపిన చర్చలగతి వేఱు. ‘రచ్చబండ’ మున్నగు సమూహములలో భాషాసాహిత్యములనుగూర్చిన వాదములు చాలకాలము నడచినవి. 2019 అక్టోబరులో ఆ సంస్థ పాతవ్రాతలను తొలగింతునని ప్రకటించినది. గడువు మొదట ఆ డిసెంబరు, తరువాత 2020 జనవరి. 2020 డిసెంబరు 15 వ తేదీన సేవయే అంతమైనది. రచ్చబండ యను మాటకు ఊరినడుమ చెట్టుక్రింద నందఱు కూర్చుండు అరుగని యర్థము. ఆ అరుగు ఊరిది. దానిని ఎవరును అమ్మలేరు. ఈ రచ్చబండ క్రింది నేల మాత్రము పరులది.

7. ఖాళీ చేయుటయు, ప్రతులు తీయుటయు

జియోసిటీస్ 2009 అక్టోబరు 26 వ తేదీన మూతపడినది. జపానుదేశమునందలి శాఖ 2019 మార్చివఱకు నిలిచినది. మూతవార్త వెలువడినప్పుడు జేసన్ స్కాట్ మున్నగువారు ‘ఆర్కైవ్ టీమ్’ అను స్వచ్ఛందబృందముగ కూడి, పేటలవెంట తిరిగి దొరకిన పుటలకెల్ల ప్రతులు తీసిరి. 2010 లో ఆ ప్రతులను ఎవరైనను పొందునట్లు విడుదల చేసిరి. ఆ పుటలలో అందమైనవి కొన్ని. అధికభాగము పిల్లలు పెంపుడుపిల్లులనుగూర్చి వ్రాసినవి, తల్లిదండ్రులు గతించిన బిడ్డలనుగూర్చి వ్రాసినవి. విలువను ముందుగ నిర్ణయించి ఏరుకొనుటకు వ్యవధిలేదు. అన్నిటిని తీసికొనుటయే వారు చేసిన పని.

ఇట్టి కృషి మనకు క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలోని తన బంగళాలో పండితులను నియమించి, ఊరూరినుండి తెప్పించిన తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. అతని వ్యయమును, ఆ పండితుల శ్రమయు లేకున్నచో మనకీనాడు లభించు గ్రంథములసంఖ్య తక్కువయై యుండెడిది. ప్రతి తీయుట గ్రంథరక్షణమునకు మూలమని మన లేఖకులెఱుగుదురు. తాటియాకు మూడునాలుగువందల యేండ్లకు శిథిలమగునని తెలిసియే వారు తిరుగవ్రాసిరి. సర్వరు అంతకంటె అల్పాయువు. అయినను అది చెడదనుకొని మనము తిరుగవ్రాయుట మానితిమి.

8. ఫలితాంశములు

పైచరిత్రనుండి తేలు విషయములను సంగ్రహముగ నిట్లు చెప్పవచ్చును.

మొదటిది: సాంకేతికజ్ఞానము లేనివారికి స్థలమును సులభము చేయుట రెండువిధముల జరిగినది. యంత్రమును సరళము చేయుట ఒకటి. ప్రక్కన మనుష్యునుంచుట మఱియొకటి. బర్కిలీ సహాయకుడును, జియోసిటీస్ పేటపెద్దయు ఈ రెండవవిధమునకు చెందినవారు. యంత్రము సరళమైనకొలది ఈ మనుష్యుడు అనవసరుడని తలంపబడెను. అతడు పోయినతోడనే, ఆపత్కాలమున సమూహమునకు హెచ్చరిక చెప్పువాడును లేకపోయెను.

రెండవది: సౌలభ్యము వేఱు, స్వామ్యము వేఱు. 2013 లో వెలువడిన డిస్కోర్స్, 2016 లో వెలువడిన మాస్టొడాన్ వంటి సాఫ్ట్‌వేరులు ఈ రెంటిని కలుపుటకు చేసిన యత్నములు. కోరినవాడు పైకమిచ్చి ఆశ్రయము పొందవచ్చును. విసిగినవాడు తన సర్వరునకు పోవచ్చును. అయినను తలుపు తెఱచియున్నంతమాత్రమున చాలదు. దారి తెలిసినవాడొకడు సమూహమున నుండవలెను.

మూడవది: సమూహస్థలమును ప్రారంభించువారు నాలుగు ప్రశ్నలడుగవలెను. వ్యయమును ఎవరు, ఎంతకాలము భరింతురు? తాళపుచెవులు ఎందఱికడ నున్నవి? వ్రాతలనన్నిటిని ఒక్కమాఱుగ దించుకొను వీలున్నదా? వానిని వేఱొకచోట ప్రకటించుకొను హక్కు సభ్యులకు కలదా? ఈ నాల్గింటిలో ఏ యొక్కదానికిని కంప్యూటరు విద్య అక్కఱలేదు. సత్రమునకు భూమి వ్రాసియిచ్చిన దాత అడిగిన ప్రశ్నలే యివి.

మా విద్యార్థులు స్థలమును తెఱచిననాడు వారికి మార్గదర్శకుడను నేనే. పదములు సరిగనున్నవో లేవో చూచితిని, వర్ణక్రమమును దిద్దితిని. ఈ నాలుగు ప్రశ్నలలో ఒక్కటియు నడుగలేదు. వృత్తిపదములను చెప్పిన వృద్ధులలో కొందఱు ఇప్పుడు లేరు. మిగిలిన నోటుపుస్తకముల ఆధారమున సంకలనమును మరల ప్రారంభించితిమి. ఈసారి సంకేతపదములు ముగ్గురికడ నున్నవి. ప్రతి విద్యాసంవత్సరాంతమున సంపూర్ణప్రతిని తీసి విభాగగ్రంథాలయమున నుంచి, తేదీని పట్టికలో వ్రాయుచున్నాము. ఆ పట్టికలో ఇంతవఱకు పడినవి మూడు తేదీలు. నాల్గవదానిని వ్రాయు బాధ్యత ఈ సంవత్సరమున చేరిన విద్యార్థులది.